మా అత్త చేనిలో విమానం గూటం

ఒక్కసారైనా విమానం ఎక్కని మనిషిని పట్టుకుని, విమానం దింపడానికి ఏ యంత్రం చవక, ఏ యంత్రం లాభం అని తేల్చి చెప్పమన్నారు. ఆ మనిషి నేనే. హిందూపురంలో ఒక పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. యాంటెన్నాల పాఠం ఏటా చెప్పీ చెప్పీ నోరు అరిగింది గానీ, ఆ యాంటెన్నా మాట విని దిగిన విమానంలో నేను ఏనాడూ కూర్చోలేదు. అడిగినవాళ్లకు అదేమీ అడ్డు కాలేదు. "పాఠం చెబుతారు కదా మేడమ్, చాలు" అన్నారు.

అడిగింది బెంగళూరులోని ఒక సలహా సంస్థ. పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య చిన్న విమానాశ్రయం కడితే ఎలా ఉంటుందని వాళ్లను ఎవరో అడిగారట. కట్టాలా వద్దా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు. రన్‌వే మ్యాపు మీద ఒక పెన్సిలు గీత, అంతే. కానీ అక్కడికి వచ్చే విమానం మబ్బులో దారి తప్పకుండా ఎలా దిగాలన్నది మాత్రం అర్జెంటుగా తేలాలట. ఇల్లు కట్టకముందే తలుపుకు ఏ తాళం వేయాలని కొట్లాడుకునే రకం మనుషులని నాకు అప్పుడే అర్థం కావాల్సింది. కాలేదు. నన్ను అడిగారన్న గర్వంలో ఒప్పేసుకున్నాను.

తేల్చాల్సింది రెండు పద్ధతుల మధ్య. ఒకటి పాతది, ఐఎల్‌ఎస్ అంటారు. రన్‌వే కొసకు అవతల ఒక యాంటెన్నాల వరస నిలబెడతారు. ఎడమకు జరిగావా, కుడికి జరిగావా అన్నది అది చెబుతుంది. రన్‌వే పక్కన ఇంకొక స్తంభం పెడతారు. ఎత్తు ఎక్కువైందా తక్కువైందా అన్నది అది చెబుతుంది. ప్రపంచమంతా ఎన్నో ఏళ్లుగా ఈ రెండు మాటలు విని దిగుతోంది. చిక్కేమిటంటే, రెండు కొసల నుంచీ దిగాలంటే రెండు జతలు కొనాలి. పైగా ఆ స్తంభం ముందు నేల చదునుగా ఉండాలి, దాని సిగ్నల్ ఆ నేల మీద పడి లేచి పోతుంది కాబట్టి. అక్కడ లారీ నిలబడినా, గొర్రెల మంద మేసినా సిగ్నల్ చెదురుతుంది. రెండోది కొత్త పద్ధతి. ఉపగ్రహాల లెక్కలో తప్పును నేల మీద ఒక చిన్న కేంద్రం సరిదిద్ది విమానానికి చెబుతుంది. ఒక్క కేంద్రం రెండు కొసలకూ చాలు. కొండ అడ్డముంటే వంకర దారిన కూడా తీసుకురావచ్చు. కాకపోతే ఆ మాట వినే పెట్టె అన్ని విమానాల్లో లేదు. మన వైపు పొద్దుగూకాక ఆకాశం పైపొరలు కొంచెం చిరాకుగా కూడా ఉంటాయి, అప్పుడు ఉపగ్రహాల మాట తడబడుతుంది. సంగతి ఇంతే. మా పిల్లలకు ఒక్క పీరియడ్‌లో చెప్పేస్తాను.

ఖర్చుల వైపు నాకు పెద్ద ఇబ్బంది రాలేదు, ఒక్క కొండ తప్ప. పెన్సిలు గీతను పొడిగిస్తే అది పోయి పోయి పెనుకొండ కొండకు కొట్టుకుంటుంది. పాత పద్ధతిలో విమానం తిన్నగా రావాలి కాబట్టి కొండ అడ్డం. వాళ్ల షీటులో "అడ్డంకి తొలగింపు ఖర్చు" అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలితే షీటు ముందుకు కదలదు. బెంగళూరు మేనేజరుకు ఫోన్ చేసి, అది రాజులు కోట కట్టుకున్న కొండ, ఎవరూ తొలగించరు, తొలగించలేరు అని చెప్పాను. "అర్థమైంది మేడమ్, కానీ ఏదో ఒక అంకె వేయండి" అన్నాడు. ఒళ్లు మండి ఒక రూపాయి అని వేశాను. రెండు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేసి, కొండ విషయంలో చాలా పొదుపుగా ఆలోచించారని మెచ్చుకున్నాడు.

అసలు గోల లాభాల దగ్గర మొదలైంది. ఈ యంత్రాల లాభమంతా బయట ఏమీ కనబడని రోజుల్లోనే ఉంటుంది. మంచు కమ్మినా, మబ్బు కిందికి దిగినా, వాన దంచినా, వెనక్కి తిరిగి వేరే ఊరికి పోవాల్సిన విమానం ఇక్కడే దిగుతుంది. ఆదా అయిన ఇంధనం, మిగిలిన సమయం, అదే లాభం. వాతావరణం ఎంత పాడైతే లాభం అంత ఎక్కువ. ఈ లెక్క ప్రకారం మా సీమ ఎందుకూ పనికిరాదు. పెనుకొండ కొండ మీద మేక నిలబడితే కింద రైల్వే స్టేషన్ నుంచి దాని గడ్డం కనబడుతుంది. ఏడాది పొడుగునా ఎండే. నేను నిజాయితీగా లాభాల గడిలో దాదాపు సున్నా వేసి పంపాను.

మేనేజరు కంగారు పడ్డాడు. "రెండు పద్ధతులకూ సున్నా వస్తే దేన్ని దేనితో పోల్చాలి మేడమ్? కొంచెం మంచు వెతకండి" అన్నాడు.

మంచు వెతకడానికి ఒక ఆదివారం హిందూపురంలో ప్యాసింజరు రైలెక్కి ధర్మవరం పోయాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది గానీ, నిజంగా పోయాను. స్టేషన్ బయట టీ కొట్టు మనిషిని, ఈ చుట్టుపక్కల మంచు ఎప్పుడు పడుతుందని అడిగాను. అతను నన్ను కిందికీ పైకీ చూసి, "మంచు కావల్లంటే ఊటీకి పోమ్మా. ఈడుండేది టీ మింద పొగే" అన్నాడు. చీరల కొట్టాయన మంచు రంగు చీర తీసి చూపించాడు. చివరికి బత్తలపల్లి రోడ్డులో ఆటో నడిపే ఒక డ్రైవరు, ఎప్పుడో ఒక చలికాలం తెల్లవారుజామున లైట్లు వేసుకుని పోవాల్సి వచ్చిందని చెప్పాడు. అతని చేతులు పట్టుకున్నంత పని చేశాను. ఆ ఒక్క ఆటో డ్రైవరు మాట మీద కోట్ల రూపాయల యంత్రం లాభం నిలబడింది.

ఇదంతా నవ్వులాటగానే గడిచిపోయేది, మధ్యలో మా అత్త చేను రాకపోతే.

మా మేనత్త, అంటే మా నాయన చెల్లెలు, పెనుకొండ దాటాక ధర్మవరం వైపు ఒక ఊళ్లో ఉండేది. మామ పోయి చాలా ఏళ్లయింది. చేను ఉంది, నీళ్లు లేవు. మామ బతికుండగా వేయించిన బోర్లు రెండూ ఎండిపోయి, వాటి మీద బండరాళ్లు పెట్టి ఉండేవి. చెనక్కాయ విత్తితే వాన రాదు, వాన వచ్చేసరికి విత్తనం ఉండదు. అత్త ఆ నేల మీద చిన్న గొర్రెల మంద మేపుకుని బతికేది. కూతురు బెంగళూరులో, విమానాశ్రయం రోడ్డు వైపు అపార్టుమెంట్లలో వంట చేస్తుంది. నువ్వూ వచ్చెయ్యమ్మా, గిన్నెలు తోమే పని ఇప్పిస్తానని ప్రతి వారం పోరు. మా అత్తకు ఆ మాటంటే మంట. ఉగాది తర్వాత నేను పోయినప్పుడు తేల్చి చెప్పింది.

"ఇంగొక్క బోరు ఏపిస్తా పాపా. గొర్రెల్నమ్మి ఏపిస్తా. జల పడిందా, చచ్చేదాకా ఈన్నే ఉంటా. పళ్లేదా, పోయి ఆ సిటీలో గిన్నెలు తోముతా. ఆ పైన నన్నెవరూ అడగద్దు."

అలా అన్నదంటే అంతే. మాట మీద నిలబడే మనిషి. అందుకే ఆ బోరు ఎక్కడ వేయిస్తుందోనని నాకు లోపల బెదురుగా ఉండేది. మంచి జియాలజిస్టును నేను తీసుకొస్తాను, తొందరపడొద్దు అని చెప్పి వచ్చాను.

సరిగ్గా ఆ తర్వాతే మేనేజరు ఇంకొక కోరిక కోరాడు. ఫొటోలు లేని రిపోర్టు రిపోర్టులా ఉండదట. పాత పద్ధతి వస్తే స్తంభం ఎక్కడ, యాంటెన్నాల వరస ఎక్కడ, ఆ చోట్లలో గూటాలు కొట్టి ఫొటోలు తీయాలన్నాడు. సర్వే మనిషిని ఒకాయనను పరికరాలతో సహా కారులో పంపాడు. పెన్సిలు గీతను పట్టుకుని మేమిద్దరం ఎండలో నడుచుకుంటూ పోతే, ఎత్తు చెప్పే స్తంభం వచ్చి మా అత్త చేనిలో పడింది. ఎడమా కుడీ చెప్పే వరస వెళ్లి, చాలా దూరాన అదే ఊరి పెద్ద రైతు మల్బరీ తోట గట్టున పడింది. ఆ పెద్ద రైతుకు అప్పటికే పారే బోర్లున్నాయి, ట్రాక్టరుంది, నీళ్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఆయన ఇంటి వైపు చూసేవాళ్లు.

ఇక్కడ మా వైపు వాడుక ఒకటి చెప్పాలి. ఎవరైనా పరికరం పట్టుకుని, తల వంచుకుని చేనిలో అటూ ఇటూ నడిచి, ఒక చోట ఆగి, గూటం కొట్టి ఎర్రగుడ్డ కట్టారంటే, అది బోరు పాయింటు. మా సీమలో ఇంకే పని మీదా ఎవరూ చేనిలో అలా నడవరు. కొందరు అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తారు, కొందరు వేపపుల్ల పట్టుకుంటారు, కొందరు మీటరు పట్టుకుంటారు. పట్టుకునేది మారుతుంది గానీ నడక మాత్రం ఒకటే. ఇంకొక నియమం కూడా ఉంది. పాయింటు పెట్టిన మనిషి బోరు బండి వచ్చేదాకా నీళ్లు అన్న మాట నోటితో ఒప్పుకోకూడదు. ఒప్పుకుంటే కింద జల ఆ మాట విని పక్కకు జరుగుతుందట. అందుకని పేరున్న పాయింటు మనుషులందరూ "ఏమో, ఊరికే చూశాం" అనే వెళ్తారు. ఎంత గట్టిగా కాదంటే పాయింటు అంత మంచిదని లెక్క.

నాకు ఈ నియమం చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు ఎండకు మెదడు ఆవిరై గుర్తు రాలేదు.

సర్వే మనిషి గూటం కొట్టాడు, ఎర్రగుడ్డ కట్టాడు, చుట్టూ సున్నం పోశాడు. అత్త గొర్రెలను వదిలేసి వచ్చి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కళ్లు మెరుస్తున్నాయి.

"ఏమ్మే పాపా, ఈడనేనా?" అని గుసగుసగా అడిగింది.

"ఇక్కడే అత్తా. కానీ ఇది నీళ్లకు కాదు."

"కాదులే కాదులే."

"విమానం దిగడానికి. ఎంత ఎత్తులో ఉందో విమానానికి చెప్పే స్తంభం ఇక్కడ వస్తుంది. వస్తే. రాకపోవచ్చు కూడా."

"అవునవును. ఇమానమే."

"నిజంగా అత్తా! నీళ్లతో దీనికి ఏ సంబంధమూ లేదు!"

నేను గొంతు పెంచేకొద్దీ ఆమె ముఖం వెలిగిపోయింది. నా చెయ్యి నొక్కి, "నాకు తెల్దా పాపా, నువ్వేమీ చెప్పద్దులే" అని, సర్వే మనిషికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, ఈ ఊరి మనుషులకు విమానాలంటే ఎంత ఇష్టమో అని ఆశ్చర్యపోయాడు. నేను కూడా, పోనీలే అర్థమైంది కదా అనుకుని కారెక్కాను.

వారం తిరక్కుండా క్లాసులో ఉండగా ఫోన్ వచ్చింది. అత్త గొంతు వెనకాల ఏదో పెద్ద ఇంజను చప్పుడు.

"బోరు బండి వచ్చింది పాపా! నీ చేత్తో టెంకాయ కొట్టల్ల, బిరీన రా!"

"ఏ పాయింటులో వేస్తున్నావు అత్తా? ఎవరు చూశారు?"

"ఎవురేంది, నువ్వే కదే!"

సుద్దముక్క బల్ల మీద పడేసి బయటికి పరుగెత్తాను. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే బస్సు ఆ రోజు నడిచినంత నెమ్మదిగా ఎన్నడూ నడవలేదు. ఊరి దగ్గర దిగి చేని వైపు పోతుంటే ముందుగా కనబడింది గొర్రెల దొడ్డి. ఖాళీగా ఉంది. తడిక తెరిచే ఉంది. సంతకు తోలి అమ్మేసింది.

ఎర్రగుడ్డ గూటం ఉన్న చోట బోరు బండి నిలబడి ఉంది. పీకి కొంచెం అవతల నాటిన గూటానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, పక్కన నిమ్మకాయలు పెట్టారు. దాని మీద సంస్థ వాళ్ల స్టిక్కరు కూడా ఉంది, దానికీ కుంకుమ పెట్టారు. నేను రావడం ఆలస్యమైందని ఊళ్లో వాళ్లెవరో టెంకాయ కొట్టేశారట. బండి అప్పటికే దిగిపోతూ ఉంది, గొట్టం పైన గొట్టం.

"ఆపమను అత్తా! ఆపమను! ఇది విమానం గూటం! నీళ్లు ఎక్కడున్నాయో నాకు తెలియదు! ఎవరికీ తెలియదు!"

"ఇంగ చెప్పచ్చులే పాపా, బండి దిగింది కదా. ఇంగ జల యాడికీ పోదు" అంది నవ్వుతూ.

"నేను చెప్పేది అబద్ధం కాదు! దేవుడి మీద ఒట్టు, నీళ్ల కోసం పెట్టలేదు!"

అప్పుడు ఆమె నవ్వు ఆగింది. నా ముఖం లోకి చూసింది. నేను నిజం చెబుతున్నానని ఆమెకు అర్థమైన ఆ క్షణం ఇప్పటికీ నా కళ్లకు కడుతుంది. బండి వైపు తిరిగి నిలబడింది. అంత లోతుకు దిగిన బండిని ఆపి ప్రయోజనం లేదని ఇద్దరికీ తెలుసు.

ఇంక నేను చేసిన పని చెబితే నా పిల్లలు నన్ను క్లాసులోకి రానివ్వరు. చేతులు జోడించి ఆ గూటానికి దండం పెట్టుకున్నాను. మూడు డిగ్రీల కోణంలో విమానాన్ని దింపడానికి లెక్క కట్టి పెట్టిన చోట, ఏ తప్పు వల్లనైనా సరే, కింద ఒక్క నీటి పాయ ఉండాలని మొక్కుకున్నాను. బండి గొట్టంలోంచి తెల్లటి రాతి పొడి లేస్తోంది. మా తలల మీద, కనురెప్పల మీద, నిమ్మకాయల మీద ఆ పొడి పడింది. ఎదురుగా ఉన్న మనిషి కనబడలేదు. ఇంత దుమ్ములో విమానం దిగాలంటే యంత్రం కావాల్సిందే, ఇది లాభాల గడిలో వేయవచ్చు అన్న పాడు ఆలోచన కూడా నాకు అప్పుడే వచ్చింది. మెదడు ఒకసారి ఒక గాడిలో పడితే మనిషి ఏడుస్తున్నా అది ఆగదు.

జల పడలేదు. చివరిదాకా పొడే. బండి వాళ్లు గొట్టాలు పీక్కుని, పక్క ఊళ్లో ఇంకొకరు పిలిచారని వెళ్లిపోయారు.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ గట్టిగా పోట్లాడేదాన్ని. తల మీద పొడి దులుపుకుని, "ఎండలో వస్తివి, అన్నం తిని పో" అంది.

అక్కడితో అయిపోతే అది మా ఇంటి దుఃఖంగా మిగిలేది. ఊరు ఊరుకోలేదు. విమానం పాప పెట్టిన రెండో గూటం పెద్ద రైతు మల్బరీ గట్టున ఉంది కదా, దాని సంగతేమిటని చర్చ లేచింది. పెద్ద రైతు మొదట నవ్వాడట. తర్వాత, పోనీ ఒక బోరేగా అనుకుని బండిని పిలిపించాడు. అక్కడ జల పడింది. పడటం అంటే మామూలుగా కాదు, బండి మీద నీళ్లు తాటిచెట్టంత లేచాయట. ఎడమా కుడీ చెప్పడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని చోట గంగమ్మ లేచి కూర్చుంది. ఇప్పటికే నీళ్లున్న మనిషికి.

ఆ మరుసటి వారం పెద్ద రైతు మా కాలేజీకి చెనక్కాయల మూటతో వచ్చాడు. "ఏమ్మా, మూడో గూటం యాడ కొడ్తాండావు? ముందు నాకు చెప్పల్ల" అన్నాడు. అది నీళ్ల పాయింటు కాదని నేను చెప్పబోయాను. ఆయన నోటి మీద వేలు పెట్టుకుని, ఎంతో గౌరవంగా తల ఊపాడు. ఆ తర్వాత రోజూ గేటు దగ్గర ఎవరో ఒకరు. చిలమత్తూరు నుంచి ఒక జంట వచ్చింది. ఇంకెవరో కారు పంపుతామన్నారు. నేను అరిచాను, తిట్టాను, తలుపు వేసుకున్నాను. నా కోపం కూడా మంచి పాయింటు మనిషి లక్షణమైపోయింది. చివరికి ఫిజిక్స్‌లో డాక్టరేటు ఉన్న మా ప్రిన్సిపాలు నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, తాను ఇల్లు కట్టుకునే సైటులో ఒక చిన్న గూటం కొట్టడం కుదురుతుందా అని అడిగాడు.

"సార్, మీరు కూడానా?"

"నమ్మకమని కాదమ్మా. ఊరికే" అన్నాడు.

మేనేజరుకు ఈ కథంతా చెప్పాను. చెప్పకుండా ఎలా? వరస నిలబెట్టాల్సిన చోట ఇప్పుడు మోటారు, పైపులు ఉన్నాయి. ఆయన "అయ్యో" అన్నాడు. బాధపడుతున్నాడేమో అనుకున్నాను.

"మేడమ్, అయితే ఐఎల్‌ఎస్‌కు లాభం ఉన్నట్టే కదా?" అన్నాడు మెల్లగా. "రెండు గూటాల్లో ఒకటి పండింది. ఉపగ్రహ పద్ధతికి గూటాలే లేవు కాబట్టి సాగునీటి లాభం సున్నా. మన షీటు బాగా నిలబడుతుంది."

ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. కానీ అది నా ఫోనే. ఆ రోజు కూర్చుని రిపోర్టును మొదటి నుంచి తిరగరాశాను. నీళ్ల ఊసు తీసేశాను. మంచు ఊసు కూడా తీసేశాను. కొండ అక్కడే ఉంటుంది కాబట్టి వంకర దారిన తేగలిగే పద్ధతి మేలని రాశాను. ఒక కేంద్రం రెండు కొసలకూ చాలుతుంది, పైపొరల చిరాకు ఉన్న సాయంత్రాలు విమానాలు రాకపోయినా ఇక్కడ ఎవరికీ నష్టం లేదు, పెట్టెలు లేని విమానాలు పట్టపగలు కళ్లతో చూసుకుని దిగవచ్చు, మా సీమలో అది ఏడాదంతా కుదురుతుంది అని రాశాను. అన్నీ నిజాలే. రాయని నిజం ఒకటే. ఉపగ్రహ పద్ధతి అయితే మా అత్త చేనిని ఎవరూ చదును చేయరు, కంచె వేయరు, గొర్రెలు రాకూడదని బోర్డు పెట్టరు. ఆ ఒక్క లాభం కోసం మిగతావన్నీ వెతికి పేర్చాను. అందుకు నాకు ఏ మాత్రం సిగ్గు లేదు.

రిపోర్టు వాళ్లకు నచ్చింది. ఉపగ్రహ పద్ధతే మేలని పైవాళ్లకు పంపారట. విమానాశ్రయం కట్టాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఈ శుభవార్త చెబుదామని అత్త దగ్గరికి పోయాను. ఆమె ట్రంకు పెట్టెలో చీరలు సర్దుకుంటోంది. మాట అంటే మాటే కదా.

"అత్తా, నీ చేనిని ఎవరూ తీసుకోరు. స్తంభం రాదు. కొత్త పద్ధతికి నేల మీద గూటాలు అక్కర్లేదు, అంతా ఆకాశం నుంచే" అన్నాను.

"ఆకాశం నుంచేనా?" అని చీర మడత పెట్టడం ఆపింది. "మేమూ ఇన్నాళ్లూ దాన్నే కదే నమ్ముకోనుండింది. చూసినావు కదా. ఆ ఇమానమోళ్లకు చెప్పు, మరీ అంత నమ్మద్దని."

అది పనిచేస్తుందని, తప్పులు సరిదిద్దే కేంద్రం ఉంటుందని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె దగ్గర ఆ కేంద్రం లేదు. చేనిని పక్కింటి వాళ్లకు మేపుకోమని వదిలి, దొడ్డి తడికను తాడుతో కట్టి, మధ్యాహ్నం బండికి బయలుదేరింది. పెనుకొండ స్టేషన్‌లో రైలెక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. తల అటు తిప్పి చేని దిక్కుకే చూస్తూ కూర్చుంది. నాకు పట్టలేనంత ఏడుపు వచ్చింది. ఎవరి మీద కోపపడాలో తెలియక, ప్లాట్‌ఫాం మీద అడ్డంగా నిలబడ్డ ఒకాయనను అనవసరంగా తిట్టాను.

ఆ వానాకాలం మా వైపు నాలుగు చినుకులు రాలి పోయాయి. ఒక సాయంత్రం అత్త ఫోన్ చేసింది. వెనకాల హోరు. మొదట బోరు బండేమో అనుకున్నాను.

"పాపా, వింటాండావా? వాన! ఈడ ఎట్ల కొడ్తాండాదో చూడు. ఎదురిల్లు కనపళ్లేదే. ఇమానాలన్నీ పైన్నే తిరుగుతాండాయంట, దిగేకి కాలేదంట. నేను పనిచేసే ఇంటాయన ఒక ఇమానంలోనే ఉండాడంట, ఆయమ్మ ఒకటే ఏడుపు."

"యంత్రాలు ఉన్నాయి అత్తా, ఏమీ కాదు. వాన తగ్గగానే దింపుతారు. ఆమెకు చెప్పు."

"చెప్పినాలే. మా మేనకోడలికి అన్నీ తెలుసు, ఏమీ కాదని చెప్పినా."

ఫోన్‌లో వాన చప్పుడు ఒక్కటే వినిపించింది. బాల్కనీలోకి వచ్చి నిలబడిందేమో, హోరు ఇంకా పెరిగింది.

"పాపా."

"చెప్పత్తా."

"ఒక్కతూరి మన చేనిమింద ఇట్ల పడనీ మే. ఇమానాలు రాకపోతే పాయె, నేనొచ్చేస్తా."